లోషన్ బీరువా తలుపు మీది చీటీ

నాకు చీటీలు రాసి అతికించే జబ్బు ఉండేది. ల్యాబ్‌లో ఫ్రిజ్ మీద "అన్నం డబ్బాలు ఇందులో పెట్టరాదు." కుళాయి మీద "గట్టిగా తిప్పితే ఊడిపోతుంది, మెల్లగా." తలుపు మీద "రిపోర్టు అయితే నేనే పిలుస్తాను, తొంగి చూడకండి." గుండ్రటి అక్షరాలు, కింద ఒక గీత, గీత కింద నా సంతకం. మా నాన్న తెలకపల్లి బడిలో పంతులు. రాత బాగాలేకపోతే అన్నం ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. దవాఖానలో నర్సుల నుంచి స్వీపర్ల దాకా అందరూ నన్ను చీటీల మేడం అనేవారు. ఎదురుగా అనేవారు కాదు, వెనకాల. నాకు తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏంది?" అని అడుగుతారు. నేనేదో ఘనకార్యం చెబుతానని వాళ్ల ఆశ. మరిచిపోలేనిది ఒకటుంది. అందులో మందులకు లొంగని సూక్ష్మజీవిని నేను పట్టుకున్న మాట నిజమే. దాన్ని పెంచి పోషించింది కూడా నేనే అన్నది మిగతా సగం. మీరు ఆ సగాన్నే ఎక్కువ గుర్తు పెట్టుకోవాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. ల్యాబ్ టెక్నీషియన్‌గా నా ఉద్యోగమంతా ఈ మూడూళ్ల మధ్యే గడిచింది. ఇది ఏ ఊళ్లో జరిగిందో చెప్పను, పేర్లూ చెప్పను. అప్పటి వాళ్లు కొందరు ఇంకా డ్యూటీలో ఉన్నారు, వాళ్లంతా మంచివాళ్లు.

అప్పటికి మా దవాఖానకు కల్చర్ పరీక్ష కొత్త. అంతకుముందు చీము నమూనా హైదరాబాదు పంపాల్సిందే. రిపోర్టు వచ్చేసరికి రోగి ఇంటికి పోయి ఉండేవాడు, లేదా అసలే పోయి ఉండేవాడు. పరీక్ష సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. గాయంలోంచి దూదిపుల్లతో చీము తీసి, ప్లేటులో గడ్డకట్టిన పదార్థం మీద రుద్ది, వెచ్చటి పెట్టెలో పెడతాం. మర్నాటికి సూక్ష్మజీవులు మొలుస్తాయి. వాటిని ఇంకో ప్లేటు నిండా పరిచి, ఒక్కో మందు పీల్చుకున్న చిన్న కాగితపు బిళ్లల్ని ఎడమెడంగా పెడతాం. మందు పనిచేస్తే ఆ బిళ్ల చుట్టూ ఖాళీగా గుండ్రం ఏర్పడుతుంది. మందును ఖాతరు చేయని జీవి బిళ్లను ఆనుకుని మొలుస్తుంది. గుండ్రాలను స్కేలుతో కొలిచి, ఏ మందు పనిచేస్తుందో డాక్టరుకు చెప్పాలి. దీనికి తెలివి కంటే ఓపిక ఎక్కువ కావాలి.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో కాన్పుల వార్డు నుంచి ఒక నమూనా వచ్చింది. తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన అమ్మాయి. అత్తగారిది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. తల్లిగారు కూడా ఒకప్పుడు నేసినవాళ్లే, ఇప్పుడు మగ్గం వదిలి కౌలుకు పల్లి వేసుకుంటున్నారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పాప బాగుంది. తల్లికి మాత్రం కుట్ల దగ్గర చీము పట్టింది. రెండు రకాల మందులు మార్చినా జ్వరం దిగలేదు.

మర్నాడు ప్లేటు తెరిస్తే ఆకుపచ్చ జీర, మిగలపండిన ద్రాక్షల్లాంటి తీపి వాసన. సూడోమోనాస్. తడి ఉన్నచోట ఎక్కడైనా బతికే జీవి. దానికి బిళ్లలు పెట్టి, ఆ మర్నాడు చూశాను. వరసగా అన్ని బిళ్లల్నీ ఆనుకుని మొలిచింది. ఒకే ఒక్క బిళ్ల చుట్టూ గుండ్రం ఉంది. అది కిడ్నీలకు భారమని డాక్టర్లు పక్కన పెట్టిన ఒక పాత ఇంజెక్షన్.

కాన్పుల డాక్టరమ్మ వయసులో చిన్నది, కానీ తొణికే మనిషి కాదు. నేను చెప్పింది విని కేసు షీటు ముందుకు లాక్కుంది.

"ఒక్కటేనా మేడం?"

"ఒక్కటే డాక్టర్. రెండు ప్లేట్లు పెట్టిన, రెండిట్ల గదే వచ్చింది."

"సరే, ఇవాళే మొదలుపెడతాను. రోజూ కిడ్నీ పరీక్ష మీరు చేసిపెట్టాలి. రెండు రోజుల్లో జ్వరం దిగకపోతే హైదరాబాదు పంపిస్తాను. ఆలస్యమైతే విషం రక్తంలోకి ఎక్కుతుంది. అప్పుడు ఎక్కడికి పంపినా లాభం ఉండదు."

ఆ మాటతో ల్యాబ్‌కు వచ్చి రిపోర్టు రిజిస్టర్‌లో ఎక్కిస్తుంటే పై వరసల మీద కన్నుపడింది. అంతకుముందు కొన్ని వారాల్లో అదే వార్డు నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ల నమూనాలు వచ్చాయి. వాళ్ల గాయాలు చిన్నవి కాబట్టి కట్లతోనే మాని ఇంటికి పోయారు. కానీ ఆ రెండు వరసల్లోనూ అదే జీవి, అదే ఒక్క మందు, గుండ్రం కొలత కూడా ఇంచుమించు అదే. నా గుండ్రటి అక్షరాలతో నేనే రాశాను. రాత బాగుందా లేదా అని చూసుకున్నానే తప్ప రాసిందేమిటో పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. మూడు పల్లెల నుంచి వచ్చిన ముగ్గురు ఆడవాళ్ల గాయాల్లోకి ఒకే జీవి వచ్చిందంటే, అది వాళ్ల ఇళ్ల నుంచి రాలేదు. మా దగ్గరే ఎక్కడో ఉంది.

వెంటనే దూదిపుల్లల ట్రే పట్టుకుని వార్డుకు పోయాను. వెంట మా ల్యాబ్ అటెండర్ వచ్చాడు. ఆయనది శ్రీరంగాపూర్, నాకంటే రెండేళ్లు పెద్ద, ఏ పని చెప్పినా "అయితది మేడం" అనేవాడు. కుళాయి, కట్ల బండి, కత్తెరల ట్రే, గాయాలు కడిగే లోషన్ సీసా అన్నిటినీ పుల్లలతో తుడిచి తీసుకున్నాను. వార్డు సిస్టర్ చేతులు కూడా చాపమన్నాను. ఆమె మొహం ఎర్రబడింది.

"నా చేతులు గూడ తీస్తరా మేడం? ఇరవై ఏండ్ల సంది కట్లు కడ్తున్న నేను."

"నావి గూడ తీస్తున్న సిస్టర్. కోపం జేస్కోకుండ్రి."

"కోపమేంది. మీరొచ్చి గెలికినంక వార్డు పేరు పోతది, గంతే గద."

ఆ అమ్మాయి మంచం పక్కనే వాళ్లమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోయింది. నేను ల్యాబ్ మనిషినని ఎవరో చెప్పినట్టున్నారు.

"మేడం, నా బిడ్డ చీముల ఏమొచ్చింది? పప్పు వచ్చిందా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత సిస్టర్ చెప్పింది. పచ్చి గాయానికి పప్పు తింటే చీము పడుతుందని మనవైపు ఒక నమ్మకం. ఆపరేషన్ అయిన మూడో రోజు, నోటికి ఏదీ రుచించక ఆ అమ్మాయి చింతచిగురు పప్పు కావాలని ఏడ్చిందట. తల్లి మనసు ఆగక ఇంటి నుంచి వండి తెచ్చి నాలుగు ముద్దలు పెట్టింది. ఆ తర్వాతే చీము కనబడింది. గద్వాల నుంచి వియ్యపురాలు రోజూ ఫోన్ చేసి, పప్పు పెట్టి నా కోడల్ని ఈ గతి పట్టించావని తిడుతోంది. అల్లుడు మగ్గం ఆపుకుని వచ్చి చూసిపోయాడు కానీ అత్తతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నిటికంటే ఘోరం, ఆ తల్లి కూడా అదే నిజమని నమ్ముతోంది. బిడ్డను నేనే చంపుకుంటున్నానని వచ్చినవాళ్లందరికీ తానే చెబుతోంది.

"పరీక్షల పప్పు రాదమ్మా. రేపు చెప్తా," అని గబగబా వచ్చేశాను. నా ధ్యాసంతా ట్రేలోని పుల్లల మీద ఉంది.

మర్నాడు ప్లేట్లు తీస్తే కుళాయిది శుభ్రం. బండిది శుభ్రం. సిస్టర్ చేతులవి నా చేతులకంటే శుభ్రం. లోషన్ సీసా ప్లేటు మాత్రం అంచు నుంచి అంచు దాకా ఆకుపచ్చగా నిండిపోయి ఉంది. సూక్ష్మజీవుల్ని చంపాల్సిన మందునీళ్లలోనే అది కాపురం పెట్టింది. బిళ్లల ఫలితానికి ఇంకో రోజు పడుతుంది కానీ, నాకు అనుమానమేమీ మిగల్లేదు. నిజం చెప్పాలంటే సంబరపడ్డాను. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత స్పష్టంగా దొంగ దొరకడం అదే మొదటిసారి. ప్లేటు చేత పట్టుకుని, గెలిచినదానిలా వార్డుకు నడిచాను.

"ఏంది సిస్టర్ ఇది? సీసా అడుగున మిగిలినదాని మీదనే కొత్త లోషన్ పోస్తుండ్రు గద? సీసా కడిగి ఎన్ని రోజులైంది? చదువుకున్నోళ్లు చేసే పనేనా?" నలుగురూ వినేలాగే అన్నాను.

సిస్టర్ చేతిలోని గుడ్డ పక్కన పెట్టి, నడిచిపోయి లోషన్ బీరువా తలుపు బార్లా తెరిచింది.

"ఇది ఎవరి రాతనో జర చదువుండ్రి మేడం."

తలుపు లోపలి వైపు, పసుపుబారిన ప్లాస్టిక్ కింద ఒక చీటీ. గుండ్రటి అక్షరాలు.

"మిగిలిన లోషన్ పారబోయరాదు. దానిమీదనే కొత్తది కలుపుకొనవలెను. ప్రతి చుక్క విలువైనది."

కింద గీత, గీత కింద నా సంతకం.

అది వానల్లేని ఒక ఏడాది వేసవిలో రాసింది. అప్పుడు దవాఖానకు ట్యాంకరు నీళ్లే దిక్కు. లోషన్ సరఫరా ఆగిపోయింది. ఫార్మసిస్టు సెలవులో ఉంటే స్టోరు బాధ్యత కూడా నా నెత్తిన పెట్టారు. ఉన్న కాస్త లోషన్‌ను ఎట్లాగైనా వచ్చే సరఫరా దాకా లాగాలి. ఆ చీటీ రాసి లాగాను. పొదుపుగా నడిపానని పంద్రాగస్టు నాడు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు, ఇంట్లో గోడకు ఇప్పటికీ ఉంది. తర్వాత సరఫరా వచ్చింది. ఫార్మసిస్టు వచ్చాడు, నేను నా ల్యాబ్‌కు పోయాను. చీటీని తీసేయాలని నాకు తోచలేదు. నర్సులు మారారు, డాక్టర్లు మారారు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అది దవాఖాన రూలని చదువుకుని అలాగే చేశారు. సీసా అడుగున చచ్చీ చావని జీవులకు రోజూ మేత పోసినట్టయింది. ఒక్కదానికి తప్ప ఏ మందుకూ బెదరకుండా అవి అక్కడే రాటుదేలాయి.

పక్కనే నిలబడ్డ అటెండర్ మెల్లగా అన్నాడు. "ప్లాస్టిక్ ఏపిచ్చుకొచ్చింది నేనే మేడం. నీళ్లు పడ్తె అక్షరాలు పోతయని మీరే అంటిరి."

ఆయన వెక్కిరించలేదు, గుర్తున్నది చెప్పాడు. నేను చీటీని గోటితో పీకి, ఆప్రాన్ జేబులో పెట్టుకున్నాను. సీసాలన్నీ వార్డు నుంచి తీయించి, మూత విప్పని కొత్త సీసా తెప్పించాను. సిస్టర్ వైపు చూడకుండానే ల్యాబ్‌కు వచ్చేశాను.

మధ్యాహ్నం సూపరింటెండెంట్ గదిలో అందరినీ కూర్చోబెట్టారు. డాక్టరమ్మ విషయం చెప్పింది. సూపరింటెండెంట్ నా ప్లేటును అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను మెచ్చుకున్నారు. తర్వాత సిస్టర్ వైపు తిరిగారు.

"సీసా కడగకుండా నింపమని మీకు ఎవరు చెప్పారమ్మా? వార్డు ఇన్‌చార్జి మీరు. సమాధానం మీరే చెప్పాలి. మెమో ఇవ్వాల్సి వస్తుంది."

సిస్టర్ తల వంచుకుంది. నా పేరు చెప్పలేదు. ఒక్కసారి నా వైపు చూసి, మళ్లీ తల వంచుకుంది.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. నేను వెంటనే లేవలేదు. రిటైర్మెంటు దగ్గర పడింది. ఇన్నేళ్లూ తప్పు చేయని మనిషినని పేరు తెచ్చుకున్నాను. చీటీ నా జేబులో ఉంది. బయట పడేస్తే ఎవరికీ తెలియదు, సిస్టర్ చెప్పినా చూపడానికి కాగితం లేదు, అటెండర్ నామీద చెప్పడు. ఈ ఆలోచనలన్నీ నాకు వచ్చాయి, వరసగా వచ్చాయి. సిగ్గేసింది. పొద్దున నలుగురిలో ఆమెను అన్న మాటలు నాకే వినబడుతున్నాయి. ఆమె ఎదురు తిరిగి నాలుగు అని ఉంటే బహుశా నేను కూర్చునే ఉండేదాన్ని. ఆమె మౌనమే నన్ను లేపింది.

చీటీ తీసి బల్ల మీద పెట్టాను. "సార్, సిస్టర్ చెప్పింది చెప్పినట్టు చేసింది. చెప్పింది నేను. గా కరువు ఏడాది రాసిన, తీసెయ్యడం మరిచిపోయిన. మెమో ఇస్తే నాకే ఇయ్యుండ్రి."

సూపరింటెండెంట్ చదివి, నా మొహం చూసి, మళ్లీ చదివారు. డాక్టరమ్మ చేయి చాపి చీటీ అందుకుంది.

"నేను వచ్చి రెండేళ్లయింది సార్. రోజూ ఆ తలుపు తీస్తూనే ఉన్నాను. ఈ చీటీని తలుపులో భాగం అనుకున్నానే తప్ప ఒక్కరోజు కూడా ఎందుకని అడగలేదు."

మెమో ఎవరికీ రాలేదు. లోషన్ చిన్న సీసాల్లో ఇవ్వాలని, సీసా మీద తెరిచిన తేదీ వేయాలని, సాయంత్రానికి మిగిలింది పారబోయాలని అక్కడికక్కడే నిర్ణయించారు. అంతా అయ్యాక డాక్టరమ్మ అడిగింది, "ఆ తల్లికి ఎవరు చెబుతారు?"

సూపరింటెండెంట్ మా ముగ్గురినీ మార్చి మార్చి చూశారు.

"నేను చెప్త," అన్నాను.

"గొడవ చేస్తే?" అన్నారు సూపరింటెండెంట్.

"చెయ్యనియ్యుండ్రి సార్."

వార్డుకు పోయేసరికి ఆమె బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాను.

"అమ్మా, ఈ చీము నీ పప్పు వల్ల రాలే. మా లోషన్ సీసాలకెళ్లి వచ్చింది. సీసా కడగకుండ నింపుమని రాసింది నేనే. తప్పు మాది. నీది గాదు."

ఆమె తడిగుడ్డను అట్లాగే పట్టుకుని నా వైపు తిరిగింది. "పప్పు వల్ల గాదా?"

"గాదు."

"నాలుగు ముద్దలు పెట్టిన మేడం. నా చేత్తోనే పెట్టిన."

"నలభై పెట్టినా గాదు. పప్పుల నుంచి ఈ రోగం రాదు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను తిట్లకు సిద్ధపడి వచ్చాను. అవీ వచ్చాయి. "గింత పెద్ద దవాఖానల సీసా కడగ చాతగాలేదా మీకు? నా బిడ్డకు ఏమన్నయితే ఎవరిని అడగాలె నేను?" అని వార్డంతా వినేలా అడిగింది. తల వంచుకుని విన్నాను. మంచం మీది అమ్మాయి కళ్లు తెరిచి, "అమ్మా, ఊకో," అంది. ఆ గొంతులో ఎంత నీరసమున్నా, తల్లి తప్పు లేదన్న నెమ్మది కూడా ఉంది. లేదా నాకు అట్లా వినబడిందేమో.

"బతుకుతదా మేడం?"

"ఒక్క మందు పనిచేస్తున్నది. నిన్ననే మొదలుపెట్టిండ్రు. రోజు రక్తం నేనే చూస్త."

ఆమె మొహం తుడుచుకుని, కొంగు ముడిలోంచి ఫోన్ తీసింది. "అయితే గీ మాట మా వియ్యపురాలికి మీరే చెప్పుండ్రి. నేను చెప్తె నమ్మదు."

చెప్పాను. "గట్లనా," అంది ఆ గద్వాల పెద్దావిడ. గొంతు తగ్గించి, "మరి ఇప్పుడు పప్పు తింటదంటనా పిల్ల? అడుగుండ్రి జర," అంది.

డాక్టరమ్మ ఇచ్చిన గడువు మర్నాటి పొద్దుటితో తీరుతుంది. ఆ పొద్దున నేను అందరికంటే ముందు పోయి రక్తం తీశాను. కిడ్నీలు తట్టుకుంటున్నాయి. లోషన్ సీసా జీవి మీద పెట్టిన బిళ్లలు కూడా చూశాను. అదే ఒక్క గుండ్రం, అదే కొలత. జ్వరం దిగింది కానీ పూర్తిగా కాదు. గేటు దగ్గర అంబులెన్సు సిద్ధంగా ఉంది. డాక్టరమ్మ గాయం విప్పి చూసి, నా కాగితం చూసి, "ఇంకొక్క రోజు ఆగుదాం," అంది. అటెండర్ గేటు దాకా పోయి అంబులెన్సు వెనక్కి పంపి వచ్చాడు. ఆ ఒక్క రోజు నేను ల్యాబ్‌లో ఏం పరీక్షలు చేశానో గుర్తులేదు. మర్నాడు థర్మామీటరు చూసిన సిస్టర్ మెట్లు దిగి మా గది దాకా వచ్చింది. అప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

"దిగింది మేడం," అంది. నేను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాను. క్షమించమని కూడా అప్పుడే అడిగాను. "ఊకోండ్రి, ట్రైనింగ్ పిల్లలు చూస్తుండ్రు," అంది ఆమె.

డిశ్చార్జి రోజు ఆ తల్లి ల్యాబ్‌కు వచ్చి ఒక టిఫిన్ డబ్బా నా బల్ల మీద పెట్టింది. అన్నం, చింతచిగురు పప్పు. "బిడ్డ గూడ తిన్నది మేడం. కడుపునిండ తిన్నది," అంది. ల్యాబ్‌లో తిండి తినరాదని గోడ మీద నా చీటీయే ఉంది. వరండాలో నిలబడి తిన్నాను.

ఆ వారం దవాఖానంతా తిరిగి నా చీటీలన్నీ పీకేశాను. సగం చీటీలకు కాలం చెల్లింది. మెల్లగా తిప్పమన్న కుళాయిని ఎప్పుడో మార్చారు. అన్నం డబ్బాలు పెట్టొద్దన్న ఫ్రిజ్ పాడై చెట్టు కింద పడి ఉంది, నా చీటీ మాత్రం దాని మీద గట్టిగానే ఉంది. బీరువా తలుపుకు కొత్త చీటీ కావాల్సి వస్తే సిస్టర్‌నే రాయమన్నాను. "నా రాత కోడి గీకినట్టుంటది," అంది. రాయమన్నాను. "మిగిలిన లోషన్ సాయంత్రం పారబోయాలి" అని రాసి, కింద తేదీ వేసింది. దాని కింద నేను చెప్పి ఇంకో వాక్యం రాయించాను. "ఆరు నెలలకు ఈ చీటీ తీసి, ఇంకా అవసరమా అని అడిగి, కొత్తది రాయాలి." ప్లాస్టిక్ వేయించలేదు.

రిటైరై తెలకపల్లిలో ఉంటున్నాను ఇప్పుడు. మొన్న వేసవిలో మా చెల్లెలి కూతురి కాన్పుకు అదే వార్డుకు పోవాల్సి వచ్చింది. సిస్టర్ కూడా రిటైరైపోయింది. నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. సాయంత్రం కట్టు మార్చడానికి ఒక నర్సు వచ్చింది. పని అయ్యాక సీసా ఎత్తి చూసింది. సగానికి పైగా ఉంది. బేసిన్‌లోకి వంచేసింది.

అలవాటు ఎక్కడికి పోతుంది! చేయి అడ్డం పెట్టబోయి, "అయ్యో, ఇంక సగమున్నది గదమ్మా," అన్నాను.

"ఉంటే ఉండనీ అమ్మా, పొద్దటిది రేపటికి వాడం," అంది ఆమె నా వైపు చూడకుండానే. "జర పక్కకు జరుగుండ్రి."

బీరువా తలుపు తెరిచే ఉంది. లోపల ఒక చీటీ, మామూలు కాగితం మీద. ఆ రాత నాది కాదు, సిస్టర్‌దీ కాదు. కింద ఆ నెల తేదీ ఉంది. సంతకం లేదు.

నేనెవరో ఆమెకు చెప్పలేదు. పక్కకు జరిగి నిలబడ్డాను.